బోండాంలో ఉప్పెంత?

మా మేడమ్ పోయారన్న ఫోను వచ్చేసరికి నేను రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో, సంచీ నిండా కొబ్బరి బోండాలతో నిలబడి ఉన్నాను. ఆదివారం పొద్దున. రామచంద్రపురం పక్కన మా ఊరి నుంచి వచ్చి అప్పుడే బస్సు దిగాను. ఫోను చేసింది మా ల్యాబ్ అసిస్టెంటు.

"ఎక్కడున్నారమ్మా?" అన్నాడు.

"బస్టాండులో. మేడమ్ గారింటికే వస్తున్నానండి."

"ఆయ్, వచ్చేయండి" అన్నాడు. "మేడమ్ గారు లేరమ్మా. తెల్లారగట్ల ఆస్పత్రికి తీసుకెళ్ళారు గానీ, అప్పటికే..."

మిగతాది వినపడలేదు. వెనకాల ఏదో బస్సు దారి తప్పుకోమని హారను కొడుతూనే ఉంది.

ఆ బోండాల్ని ఏం చెయ్యాలో తోచలేదు. అక్కడే బల్ల కింద వదిలేద్దామనుకున్నాను. చేతులు వదల్లేదు. ఆటోలో అవి నా కాళ్ళకి తగులుతూ దొర్లాయి. చావింటి గుమ్మంలోకి అలా బరువు మోసుకుంటూ వెళ్తే, చర్చి తాలూకు పెద్దాయన ఒకాయన సంచీ అందుకుని, "మంచి పని చేశావమ్మా, వచ్చినవాళ్ళు ఎండకి సొమ్మసిల్లిపోతున్నారు" అన్నాడు. ఎవరో కత్తి తెచ్చారు. మేడమ్‌ని హాల్లో పడుకోబెట్టి ఉంటే, షామియానా కింద జనం నేను తెచ్చిన బోండాలు తాగారు. "లేతవి. నీళ్ళు భలే తియ్యగా ఉన్నాయి" అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

లోపల, మేడమ్ వాళ్ళ అక్కగారు వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నారు. "ఒంట్లో ఉప్పు పడిపోయిందట. కిడ్నీలు ఆగిపోయాయట. పొటాషియమో ఏదో పెరిగిపోయి గుండె నిలిచిపోయిందట." నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుని పక్కనున్నావిడతో అన్నారు: "ఈ పిల్లేనండి, ప్రతి ఆదివారం బోండాలు తెచ్చేది. ఈ వేసవంతా దానికి నోటికి సయించింది అవొక్కటే."

నేను తల దించుకున్నాను. అది ఏడుపు అనుకున్నారందరూ.

ఈ నాలుగు మాటలూ ఆవిడని గుర్తుచేసుకోవడానికి రాస్తున్నవి. ఆవిడ శిష్యులు మీలో చాలామంది ఉంటారు. మీకు తెలిసిన మేడమే నాకూ తెలుసు: నేత చీర, మగవాళ్ళ చేతిగడియారం, వరండాలో ఆ చివర నుంచే వినపడే గొంతు. నాకు మాత్రమే తెలిసిన మేడమ్ గురించి కూడా చెప్పాలి. లేకపోతే మిగతాదంతా పొగడ్త అవుతుంది. పొగిడితే ఆవిడకి తిక్క రేగేది.

ఆవిడ మా కాలేజీలో పీజీ పిల్లలకి శరీరధర్మశాస్త్రం చెప్పేవారు. పరిశోధన అంతా పేగు మీద. ఉప్పు పేగు గోడని ఎలా దాటుతుంది, ఎందుకు దాటుతుంది, ఎప్పుడు దాటనంటుంది. "మనిషంటే ఏంటనుకుంటున్నారు? ఉప్పునీళ్ళ సంచీ. కారకుండా చూసుకోవడమే బతకడమంటే" అని మొదటి క్లాసులో చెప్పేవారు. మేం నవ్వితే, "నవ్వండి నవ్వండి, కారినప్పుడు తెలుస్తుంది" అనేవారు.

నేను ఆవిడ దగ్గర ప్రాజెక్టులో చేరేనాటికి బీఈడీ కోచింగు ఒకటి, బ్యాంకు పరీక్షల కోచింగు ఒకటి మధ్యలో వదిలేసి ఉన్నాను. కాలు ఒకచోట నిలవని పిల్ల అని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. మేడమ్ అడిగింది ఒకటే. "ఇక్కడెన్నాళ్ళుంటావే?"

"తెలీదండి."

"నిజం చెప్పావ్. చేరు."

పేగుని పరీక్షించే పరికరం కంపెనీది కొనే స్థోమత మా డిపార్ట్‌మెంటుకి లేదు. బళ్ళకి నంబరు ప్లేట్లు చేసే కొట్లో మందపాటి ప్లాస్టిక్ ముక్కలు కోయించి, చేపల తొట్టెకి గాలి కొట్టే పంపు తగిలించి ఆవిడే తయారు చేయించారు. పక్కపక్కన రెండు చిన్న తొట్లు. మధ్య గోడకి ఒక కంత. ఆ కంతకి తెర కట్టినట్టు పేగు ముక్కని బిగిస్తాం. అన్నం వెళ్ళే వైపు ఒక తొట్టిలోకి, రక్తం వైపు రెండో తొట్టిలోకి ఉంటుంది. ఉప్పులోని సోడియం, క్లోరైడు వేటి విద్యుత్తు అవి మోసుకుంటూ గోడ దాటతాయి. అవి దాటినప్పుడల్లా మీటరులో అంకె కదులుతుంది. అంతే పరికరం. ఆ అంకె కదలడం కోసం మేం గంటలు గంటలు కూర్చునేవాళ్ళం.

పేగు కోడిది. మార్కెట్లో చికెన్ కొట్టాయన మా కోసం అప్పటికప్పుడు తీసి, మేం ఇచ్చిన చల్లటి ఉప్పునీళ్ళ డబ్బాలో వేసి పెట్టేవాడు. "మాంసం వదిలేసి పేగులడిగే కస్టమరు మీరొక్కరేనండి మేడమ్ గారూ" అని ప్రతిసారీ అనేవాడు. ఆవిడ ప్రతిసారీ నవ్వేవారు, మొదటిసారి విన్నట్టు. ప్రయోగం ఉన్నరోజు ఆవిడ కోడికూర తినేవారు కాదు. "పొద్దున దాని చేత చాకిరీ చేయించుకుని సాయంత్రం దాన్నే తింటామా?" అనేవారు.

నాకు ఇచ్చిన ప్రశ్న జామాకు గురించి. మా ఇళ్ళలో పిల్లలకి నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే జామ చిగుళ్ళు మరిగించి పట్టిస్తారు. జామాకులోనూ, ఉల్లిపొట్టులోనూ, మునగాకులోనూ క్వెర్సెటిన్ అనే పసుపుపచ్చటి పదార్థం ఉంటుంది. ఫ్లేవనాయిడ్లని పిలిచే కుటుంబంలోది. అది పేగు గోడ దగ్గర ఏం చేస్తుంది? నాకు జవాబు ముందే తెలుసనుకున్నాను. పేగు గోడలో క్లోరైడు బయటికి పోయే తలుపులుంటాయి. క్లోరైడు పేగులోకి దూకితే దాని వెనకే సోడియం, ఆ రెండింటి వెనకే నీళ్ళు. విరేచనమంటే అదే. జామాకు విరేచనం ఆపుతుంది కాబట్టి ఈ పసుపు పొడి ఆ తలుపు మూస్తుంది. అంకె పడిపోతుంది. అదీ నా లెక్క.

పొడి నీళ్ళలో కరగలేదు. ఆల్కహాలులో కరిగించాలి. ల్యాబులో ఆల్కహాలు అయిపోయింది, ఆర్డరు పెట్టినది ఎప్పటికో గాని రాదు. మా ల్యాబ్ అసిస్టెంటు గోడకి ఆనుకుని, "యానాం వెళ్ళొచ్చేయమంటారా మేడమ్? అక్కడ మందు చవకండి" అన్నాడు.

"ఆ సరుకు పోస్తే పేగు అంకెలు చూపించదయ్యా, పాటలు పాడుతుంది" అన్నారావిడ. ఆ మాట ఇప్పటికీ మా డిపార్ట్‌మెంటులో తిరుగుతూనే ఉంది.

సరైన ఆల్కహాలు వచ్చాక, నేను ఉత్సాహం ఆపుకోలేక పొడి కలిపినది నేరుగా తొట్టిలో పోశాను. అంకె కదిలింది. మేడమ్ వెనక నుంచి వచ్చి చూశారు.

"ఏం పోశావే?"

"క్వెర్సెటిన్ అండి."

"అదొక్కటేనా?"

కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆవిడ శిష్యులకి ఈ అలవాటు తెలుసు. జవాబు ఆవిడ ఎప్పుడూ చెప్పరు. ప్రశ్న వేసి కళ్ళజోడు తుడుచుకుంటారు. అది మళ్ళీ ముక్కు మీదికి వెళ్ళేలోపు చెప్పగలిగితే చెప్పినట్టు, లేకపోతే ఆ పూటకి లేనట్టు. నేను ఆ పూట చెప్పగలిగాను. "ఆల్కహాలు కూడా పోశానండి."

"మరి అంకెని కదిపింది ఎవరో నీకెలా తెలుసు? మందు సంగతి తర్వాత. అది కలిపిన నీళ్ళేం చేస్తాయో ముందు చూడు. ముందు ఉత్తది పోసి చూడు."

ముందు ఉత్తది పోసి చూడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. చట్నీ ఉప్పగా ఉందంటే కూడా, "ఇడ్లీ ఉత్తది తిని చూశావా?" అనేవారు.

ఉత్త ఆల్కహాలు పోసి చూశాను. అంకె కొంచెం కదిలి ఆగింది. తర్వాత పొడి కలిపినది పోస్తే అంకె పైకి పోయింది. పడిపోలేదు, పైకి పోయింది. పేగు ముక్క మార్చాను, కోడి మార్చాను. ఎప్పుడు పోసినా పైకే. మూస్తుందనుకున్నది తలుపు తెరుస్తోంది. నా మొహం వేలాడిపోయింది. మేడమ్ మాత్రం స్టూలు మీంచి లేచిపోయి, "ఒసేయ్, ఒసేయ్, తెరిచింది చూడవే! మూస్తుందనుకున్నావ్, తెరిచింది!" అని పరీక్ష పాసయిన పిల్లలా గంతులు వేశారు. తను ఊహించనిది జరిగితే అంత ఆనందపడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

"అయితే జామాకు పట్టించే అమ్మలందరూ తప్పా అండి?" అన్నాను.

"నువ్వు పోసింది ఆకా, పొడా?"

"పొడండి."

"మరి ఆకు సంగతి పొడినెందుకు అడుగుతావ్?"

ఆ ఏడాదే డాక్టర్లు ఆవిడ పెద్దపేగు తీసేశారు. ఎప్పటినుంచో పుండ్లు పడుతూ మానుతూ ఉన్న పేగు. మాకెవరికీ చెప్పలేదు. పేగు గురించి అంత మాట్లాడే మనిషి తన పేగు గురించి ఒక్క మాట అనలేదు. ఆపరేషన్ తర్వాత పొట్ట మీద చిన్న ద్వారం, దానికో సంచీ. చిన్నపేగు చివర అక్కడ, ఎర్రగా బయటికి కనిపిస్తుంది. నేను మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలో తెలీక గుమ్మంలో నిలబడిపోతే, ఆవిడే మంచం మీంచి పిలిచారు.

"రావే. ఇన్నాళ్ళూ కోడిపేగుని తొట్టిలో పెట్టి చూశాం కదా. ఇప్పుడు నా పేగే బయటికొచ్చి నన్ను చూస్తోంది."

దానికి చంటిది అని పేరు పెట్టారు. "ఇందాకే పాలు తాగింది చంటిది, ఇంక ఊరుకోదు." "చంటిదానికి మునక్కాడ పడలేదే." వాళ్ళ అక్కగారు, "ఛీ, అవేం మాటలే, ఎదురుగా పిల్ల ఉంటే" అని విసుక్కుంటే, "పిల్ల కాదే, నా స్టూడెంటు. దీనికి కూడా సిగ్గయితే ఇంకెవరితో మాట్లాడను?" అనేవారు.

ఇక్కడ చదివేవాళ్ళకి ఒకటి చెప్పాలి. పెద్దపేగు చేసే ముఖ్యమైన పని ఉప్పునీ నీళ్ళనీ వెనక్కి లాక్కుని ఒంటికి ఇవ్వడం. అది లేని మనిషికి ఉప్పు కారిపోతూ ఉంటుంది. దాహం వేస్తుంది. దాహానికి ఉత్త నీళ్ళు ఎక్కువగా తాగితే, ఆ నీళ్ళు రక్తంలోని ఉప్పుని పేగులోకి లాగి, దాన్ని కూడా వెంటబెట్టుకుని సంచీలోకి పోతాయి. తాగినకొద్దీ ఎండిపోతారు. అందుకని ఆస్పత్రివాళ్ళు ఉప్పూ చక్కెరా కలిసిన ప్యాకెట్ల నీళ్ళు గుక్క గుక్కగా తాగమన్నారు. మిగతావి తక్కువగా తాగమన్నారు. ఇది నాకు ఆస్పత్రివాళ్ళు చెప్పక్కర్లేదు. పరీక్షలో రాసి ఫస్టుమార్కు తెచ్చుకున్నదాన్ని.

అయినా నేను బోండాలు పట్టుకెళ్ళాను.

మా వైపు జ్వరమొస్తే బోండాం, ఆపరేషనయితే బోండాం, ఎండ తగిలితే బోండాం. ఆస్పత్రి గేటు పక్కన మందులకొట్టయినా లేకపోవచ్చు, బోండాల బండి లేకుండా ఉండదు. "జబ్బు మనిషిని చూడ్డానికి చేతులూపుకుంటూ వెళ్తావా?" అని మా అమ్మ శనివారమే గెల దింపించేది. నాన్న లేతవి ఏరి సంచీలో వేసేవాడు. నేను మోసుకొచ్చేదాన్ని. ఆవిడ మంచం పక్కన కూర్చుని, కొట్టి, గ్లాసులో పోసి ఇచ్చేదాన్ని. ఒక్కసారంటే ఒక్కసారి కూడా నా చేతిలో ఉన్నదేంటో నేను చూసుకోలేదు.

ఎందుకు చూసుకోలేదంటే, మేం మాట్లాడుకుంటున్నాం. అక్కగారు జామ చిగుళ్ళు మరిగించి తెచ్చి పెట్టేవారు, చంటిది కాస్త నెమ్మదిస్తుందేమోనని. ఆ గ్లాసు అక్కడే చల్లారిపోతూ ఉండేది. మేం దాని మీద వాదించుకునేవాళ్ళం.

"తాగమంటావా, వద్దంటావా?" అనేవారు మేడమ్. "మన పొడి క్లోరైడు తలుపు తెరిచింది కదే. ఇది తాగితే ఉన్నది కూడా ఊడ్చుకుపోతుందేమో!"

"ఇందులో పొడొక్కటే లేదు కదండి. వగరు పదార్థాలు వేరే ఉన్నాయి. అవి గోడని బిగిస్తాయేమో."

"ఏమోలు నాకొద్దు."

"మనం పొడి పోసింది ఏ వైపు అండి? ఒకసారి లోపలి వైపు, ఒకసారి రక్తం వైపు విడివిడిగా పోసి చూస్తే తెలుస్తుంది. ఆకు కషాయం కూడా పక్కన పెట్టి చూద్దాం."

"చూడు మరి! ఎవరు వద్దన్నారు? నువ్వు చూసి చెప్పేదాకా నేను ఈ గ్లాసు ముట్టను."

"పంతులమ్మకి పంతులమ్మే తగిలింది" అని అక్కగారు కషాయం మొక్కలో పారబోసి వెళ్ళిపోయేవారు.

ఆ మాటల్లో ఎంత సుఖముండేదో! ఆవిడ కళ్ళు ల్యాబులో ఉన్నప్పటిలా మెరిసేవి. నాకు అది చాలనిపించేది. ఆవిడని నేను బతికిస్తున్నానని, ఆవిడకి నొప్పి మరిపిస్తున్నానని గర్వపడేదాన్ని. ఒక్క చిటికెడు పసుపు పొడి క్లోరైడుని ఏం చేస్తుందో తేల్చుకోవడానికి ఆదివారాలన్నీ ఖర్చుపెట్టాం. ఆవిడకి ఎలా ఉందని, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని, భయం వేస్తోందా అని నేను అడగలేదు. ఆవిడ మంచం పక్కన కూర్చుని ఆవిడ పేగుతో మాట్లాడాను.

వేసవి మొదట్లో ఒక ఆదివారం, నేను గ్లాసు అందించాక, ఆవిడ సగం తాగి, గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశారు.

"ఏమే, బోండాంలో ఉప్పెంత ఉంటుందంటావ్?"

నేను రెండో బోండాం కొడుతున్నాను. తలెత్తకుండానే, "ఉప్పేంటండి, అమృతం. మా నాన్న మీకోసం ఏరి పంపించాడు" అన్నాను. వెంటనే, "అది సరే గానీ మేడమ్, రక్తం వైపు పొడి పోస్తే..." అంటూ నా గోలలోకి వెళ్ళిపోయాను. చెబుతూ చెబుతూ ఒకసారి చూస్తే ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటున్నారు. తుడిచి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "తియ్యగా ఉన్నాయని మీ నాన్నగారికి చెప్పు" అన్నారు.

నేను చూశాను. ప్రతి చిన్న విషయం గమనిస్తానని నాకు పేరు. గమనించాను, అర్థం చేసుకోలేదు.

జవాబు నాకు వచ్చు. కొబ్బరినీళ్ళలో సోడియం కొద్దిపాటిది. పొటాషియం దండిగా ఉంటుంది. ఒంట్లో ఉప్పు కారిపోతున్న మనిషికి ఆ నీళ్ళు ఉత్త నీళ్ళకి మరీ దూరం కావు. పైగా నీరు తగ్గి కిడ్నీలు నీరసిస్తే ఆ పొటాషియం బయటికి పోలేక రక్తంలో పేరుకుంటుంది. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కొత్తగా నేర్చుకోవలసింది లేదు. ఆవిడే నేర్పారు.

ఆ తర్వాత ఆదివారాల్లో ఆవిడ మాట నెమ్మదించింది. ఒకసారి, "పిక్కలు పట్టేస్తున్నాయే" అన్నారు. ఉప్పు తగ్గుతోందని ఒళ్ళు చెప్పే మాట అది. నేను, "ఎండలు కదండి" అని కాళ్ళు ఒత్తాను. ఒత్తుతూ కూడా క్లోరైడు గురించే చెబుతున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటున్నారు. "మరి ప్రయోగం ఎప్పుడు చేస్తావే?" అన్నారు. "వచ్చే వారం తప్పకుండా అండి" అన్నాను. కాకినాడలో ఒక కంపెనీలో ఉద్యోగానికి అప్పటికే దరఖాస్తు పెట్టి ఉన్నాను. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెప్పి ఉంటే, "నిజం చెప్పావ్, వెళ్ళు" అనేవారని తెలుసు.

అంత్యక్రియలయ్యాక ఆస్పత్రికి వెళ్ళి డాక్టరుగారిని అడిగాను. కొబ్బరినీళ్ళ వల్లా అని. ఆయన మంచివాడు. "ఒక్కదాని వల్ల అని చెప్పలేమమ్మా. ఎండలున్నాయి, వయసుంది, ఆఖరి రెండు రోజులూ వాంతులున్నాయి. అదీ ఒకటి అయ్యుండొచ్చు" అన్నాడు. అయ్యుండొచ్చు అన్న మాట పట్టుకుని బయటికొచ్చాను. కాదు అంటారని వెళ్ళానని అప్పుడు తెలిసింది.

చర్చిలో ఆదరణ కూటం పెట్టినప్పుడు శిష్యుల తరఫున నన్ను మాట్లాడమన్నారు. ఆవిడ కట్టిన తొట్ల గురించి, యానాం జోకు గురించి, తలుపు తెరిచిన పసుపు పొడి గురించి చెప్పాను. నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. బోండాల మాట ఎత్తలేదు. దిగి వస్తుంటే అక్కగారు నా బుగ్గలు పట్టుకుని, "దానికి నువ్వంటే ప్రాణమమ్మా. నీ రుణం తీర్చుకోలేను" అన్నారు. ఆ కృతజ్ఞత మోసుకుంటూ ఊరికి వెళ్ళాను. అన్నం సహించలేదు. అమ్మ దిష్టి తీసింది.

వారం తిరక్కుండానే మళ్ళీ రాజమండ్రి వచ్చాను. మధ్యాహ్నం. అక్కగారు పెరట్లో బకెట్లో దుప్పట్లు జాడిస్తున్నారు. మేడమ్ మంచం మీదివి. వంటింటి మెట్టు మీద నిలబడి చెప్పేశాను, ఆగితే చెప్పలేనని. ఉప్పెంత, పొటాషియం ఎంత, ఆవిడ తాగాల్సిందేంటి, నేను తాగించిందేంటి. ఆవిడ ప్రశ్న అడిగితే నేను అమృతమన్నానని కూడా చెప్పాను. అక్కగారు జాడించడం ఆపలేదు. అంతా అయ్యాక తల తిప్పకుండా అడిగారు.

"ఇదంతా దానికి తెలీదా?"

"తెలుసండి. ఆవిడే చెప్పారు మాకు."

"మరి?"

అక్కగారే జాడిస్తూ చెప్పారు.

"శనివారం సాయంత్రం నుంచి ఆ ప్యాకెట్ నీళ్ళు తాగనని మొండికేసేదమ్మా. ఎందుకే, డాక్టరు తాగమన్నాడు కదే అంటే, 'రేపు పిల్ల అంత దూరం నుంచి బోండాలు మోసుకొస్తుంది, పొట్టలో చోటుంచుకోవద్దా? సగం తాగి వదిలేస్తే వాళ్ళ నాన్న చిన్నబుచ్చుకోడూ?' అనేది. నేనూ సరేలే అన్నాను. ఆదివారం వస్తోందంటే దాని మొహమే వేరుగా ఉండేది. వారానికి ఒక్క రోజు... పోనీలే అనుకున్నాను."

అందాకా నా లెక్కలో ఆదివారాలే ఉన్నాయి. శనివారాలు లేవు.

"ఆంటీ, నన్ను తిట్టండి" అన్నాను.

"తిట్టే ఓపిక నాకెక్కడిది? నిన్ను తిడితే నన్ను తిట్టుకోవాలి, నన్ను తిట్టుకుంటే దాన్ని తిట్టాలి. తెలిసి తాగింది కదా, మహాతల్లి." ముక్కు చీది, బకెట్లోంచి దుప్పటి పైకి లాగారు. "ఈ చివర పట్టుకో. ఒక్కదాన్నే పిండలేకపోతున్నాను."

మెట్టు దిగి పట్టుకున్నాను. ఆవిడ అటు, నేను ఇటు మెలిపెట్టాం. నీళ్ళు ధారగా కారి సిమెంటు గచ్చు మీద పారాయి. నేను వదిలేస్తానేమోనని ఆవిడ, "గట్టిగా, ఇంకా గట్టిగా" అంటూనే ఉన్నారు. చుక్క కారడం ఆగేదాకా వదల్లేదు.

తర్వాత దుప్పటి భుజాన వేసుకుని ఆవిడ తీగ వైపు నడిచారు. నేను వెనకే వెళ్ళాను. ముదురు నీలం రవిక. పొద్దుటి నుంచి ఎండలో పని చేసినట్టున్నారు. చెమట పట్టి ఆరి, మళ్ళీ పట్టి ఆరి, వీపు మీద ఉప్పు చారలు కట్టాయి. ఒకదాని వెనక ఒకటి, తెల్లగా, సన్నగా. ఆవిడ చేతులెత్తి దుప్పటి పరుస్తుంటే అవి సాగి, మళ్ళీ దగ్గరికి వచ్చాయి.